క్రాష్‌డైట్ కొత్త ఆల్బమ్ ‘ఆటోమేటన్’: ఇది ఇంకా స్లీజ్ రాకేనా?

రాత్రిపాట | 2022 మే 9

స్టాక్‌హోమ్‌కు చెందిన క్రాష్‌డైట్ బృందాన్ని 2005లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ ‘రెస్ట్ ఇన్ స్లీజ్’ కాలం నుంచీ వింటున్నాను. గత నెల చివర్లో విడుదలైన ‘ఆటోమేటన్’ను ఈ పది రోజుల్లో ఎనిమిది సార్లయినా విని ఉంటాను. పాటలు బాగున్నాయి, కోరస్‌లు ఒక్కసారి వింటే నోటికి వచ్చేస్తున్నాయి, గిటార్ సోలోలకు వంక పెట్టవలసిన పని లేదు. అయినా విన్న ప్రతిసారీ ఏదో వెలితిగానే ఉంటోంది. ఆ వెలితి ఏమిటో నాకై నేను తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

రెండు ఆల్బమ్‌లనూ వెంటవెంటనే పెట్టుకొని వింటే నాకు తోచేది ఇది. మొదటిదానిలో నలుగురు కుర్రవాళ్లు ఒక ఇరుకు గదిలో ఒకరి మోచేయి ఒకరికి తగులుతుండగా వాయిస్తున్నట్టు ఉంటుంది. కొత్తదానిలో అదే బృందం విశాలమైన వేదిక మీద, ఎవరికి గీసిన గీటు దగ్గర వారు నిలబడి వాయిస్తున్నట్టు ఉంటుంది. ఎవరూ తప్పు వాయించడం లేదు. బహుశా నన్ను ఇబ్బంది పెడుతున్నది అదేనేమో.

అసలు స్లీజ్ రాక్ అని దేనిని అంటారు, గ్లామ్ మెటల్‌కూ దీనికీ తేడా చెవికి తెలిసేదా లేక వేషధారణకు సంబంధించినదా అన్నది నా మొదటి సందేహం. లాస్ ఏంజిలెస్ వీధుల్లో పుట్టిందని చెప్పుకొనే ఈ ధోరణి స్వీడన్ వంటి శుభ్రమైన, నెమ్మదైన దేశంలో ఇంతగా ఎలా వేళ్లూనిందన్నది రెండవది. ఇక ‘ఆటోమేటన్’లో మారింది గాయకుడి గొంతా, పాట కట్టే పద్ధతా, రికార్డింగా అన్నది అసలు ప్రశ్న. తీరిక ఉన్నవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను.

పాతరికార్డు | 2022 మే 9

మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. స్లీజ్ లాస్ ఏంజిలెస్‌లో పుట్టి స్వీడన్‌కు దిగుమతి అయిందనడం సగం మాత్రమే నిజం. 1979లో హెల్సింకీలో ఏర్పడిన హనోయ్ రాక్స్ అనే ఫిన్లాండ్ బృందం మరుసటి ఏడాది స్టాక్‌హోమ్‌కు మకాం మార్చి, చేతిలో డబ్బు గానీ సరైన నివాసం గానీ లేకుండా అక్కడ కాలం గడిపి, 1981లో తొలి ఆల్బమ్ విడుదల చేసింది. న్యూయార్క్ డాల్స్ అనే అమెరికా బృందం 1973లో చూపిన ఆడవేషం, పంక్ సంగీతపు తొందర, పాత రాక్ అండ్ రోల్‌లోని సాక్సఫోన్, అన్నిటినీ కలిపి వారు చేసిన సంగీతాన్ని విన్నవారిలో తరువాత లాస్ ఏంజిలెస్‌లో పేరు తెచ్చుకున్న కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు. గన్స్ అండ్ రోజెస్ తమ సొంత లేబుల్ ఉజీ సూసైడ్ ద్వారా హనోయ్ రాక్స్ పాత ఆల్బమ్‌లను అమెరికాలో తిరిగి విడుదల చేయించారంటే వారికి ఆ బృందం మీద ఎంత గౌరవమో ఊహించవచ్చు. 1984 డిసెంబరులో లాస్ ఏంజిలెస్ బృందం మోట్లీ క్రూ గాయకుడు విన్స్ నీల్ నడుపుతున్న కారు ప్రమాదానికి గురై అందులో హనోయ్ రాక్స్ డ్రమ్మర్ రాజిల్ మరణించడం, ఆ తరువాత కొద్దికాలానికే ఆ బృందం చెదిరిపోవడం మీకు తెలిసే ఉంటుంది. కనుక 2000లో డేవ్ లెపార్డ్ స్టాక్‌హోమ్‌లో క్రాష్‌డైట్‌ను మొదలుపెట్టినప్పుడు అమెరికా నుంచి తెచ్చుకున్న సొమ్ములో కొంత తన ఊరి నుంచే అక్కడికి వెళ్లినదన్నమాట.

ఇక గ్లామ్‌కూ స్లీజ్‌కూ తేడా. జుట్టూ, తోలు దుస్తులూ, కంటి కాటుకా రెంటికీ ఒకటే. గ్లామ్ వేదిక మీది వెలుగును చూపిస్తుంది. స్లీజ్ ఆట ముగిశాక థియేటర్ వెనక సందులో మిగిలేదాన్ని చూపిస్తుంది. చెవికి కూడా ఈ తేడా తెలుస్తుంది. గ్లామ్‌లో కీబోర్డులు, పొరలు పొరలుగా పేర్చిన గొంతులు, గుండ్రని గిటార్ ధ్వని ఉంటాయి. స్లీజ్‌లో బ్లూస్ నుంచి వచ్చిన మోటు రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస), పంక్ నుంచి వచ్చిన తొందర, పాడేవాడి గొంతులో ఒక వెక్కిరింపు ఉంటాయి. ఎల్.ఎ. గన్స్, ఫాస్టర్ పుస్సీక్యాట్, 1987 నాటి గన్స్ అండ్ రోజెస్ ఈ వైపువారు. బాన్ జోవీ, డెఫ్ లెపర్డ్ ఆ వైపువారు. మోట్లీ క్రూ మాత్రం ఇటు మొదలై అటు వెళ్లినవారు, క్రాష్‌డైట్‌కు అతి దగ్గరి పూర్వీకులు కూడా వారే. 2007లో వచ్చిన రెండవ ఆల్బమ్ ‘ది అన్‌అట్రాక్టివ్ రెవల్యూషన్’ పాటల రచనలో మోట్లీ క్రూ గిటారిస్టు మిక్ మార్స్ స్వయంగా పాలుపంచుకున్నాడు.

1991 తరువాత అమెరికాలో గ్రంజ్ అనే కొత్త రాక్ ధోరణి వచ్చి ఈ సంగీతాన్ని అటకెక్కించినప్పుడు స్వీడన్‌లో అది చావలేదు, వేషం మార్చుకుంది. ఎన్‌టూమ్డ్ అనే డెత్ మెటల్ బృందంలో డ్రమ్స్ వాయించే నిక్కె ఆండర్సన్ 1994లో స్టాక్‌హోమ్‌లో ది హెలాకాప్టర్స్‌ను స్థాపించి తానే గిటార్ పట్టుకొని పాడాడు. నెషో అనే చిన్న పట్టణం నుంచి వచ్చిన బ్యాక్‌యార్డ్ బేబీస్ 1998లో ‘టోటల్ 13’ విడుదల చేశారు. డ్రెగెన్ అనే గిటారిస్టు కొంతకాలం ఈ రెండింటిలోనూ ఉన్నాడు. వీరు తమను స్లీజ్ అనుకోలేదు, గరాజ్ రాక్ అనీ పంక్ అనీ అన్నారు. అయినా నిప్పు ఆరకుండా పదేళ్ల పాటు పొయ్యిలో ఉంచినది వారే. తరువాతి తరం వచ్చి అందులో హెయిర్‌స్ప్రే పోసింది.

ఇదంతా నిలబడడానికి ఒక నిరాడంబరమైన కారణం కూడా ఉంది. స్వీడన్‌లో పురపాలక సంగీత పాఠశాలలలో పిల్లలు తక్కువ రుసుముతో వాయిద్యం నేర్చుకోవచ్చు. కాస్త పెద్దయ్యాక బృందం కట్టుకుంటే, ప్రభుత్వ సహాయంతో నడిచే అధ్యయన సంఘాలు వారికి సాధన గదులు సమకూరుస్తాయి. చెత్తకుండీల పక్కన పుట్టినట్టు కనిపించే ఈ సంగీతం ప్రభుత్వం అద్దె భరించిన గదుల్లో, గోడకు వేలాడే సమయపట్టిక ప్రకారం సాధన చేయబడుతుందన్న సంగతి తలచుకుంటే నాకు నవ్వు వస్తుంది గానీ, మీరడిగిన ‘శుభ్రమైన దేశంలో ఎలా’ అన్నదానికి సమాధానం చాలావరకు అదే.

ఒక చిన్న పిడకల వేట: బృందం పేరులో ఐ అక్షరం మీద ఉండే రెండు చుక్కలను గమనించారా? స్వీడిష్ భాషలో చుక్కలున్న ఏ, ఓ అక్షరాలు వర్ణమాలలో నిజంగానే ఉన్నాయి, వాటికి వేరే ఉచ్చారణలున్నాయి. చుక్కలున్న ఐ మాత్రం లేదు. మోట్లీ క్రూ అర్థం లేకుండా పెట్టుకున్న చుక్కలను అనుకరించదలచిన స్వీడిష్ కుర్రవాళ్లు, సొంత భాషలో పనికివచ్చే చుక్కలను వదిలేసి, తమకూ అర్థం లేని చుక్కలను వెదకి తెచ్చుకున్నారు.

ఆరోతీగ | 2022 మే 10

పాతరికార్డు గారు చరిత్ర చక్కగా చెప్పారు కనుక నేను ధ్వని గురించే రాస్తాను. నేను వృత్తి సంగీతకారుడిని కాను, అయితే ఈ తరహా పాటలను పన్నెండేళ్లుగా మిత్రులతో కలిసి వాయిస్తున్నాను, మా పాటలు కొన్ని రికార్డు కూడా చేసుకున్నాం. ‘ఇరుకు గది, విశాలమైన వేదిక’ అని ప్రశ్నలో వాడిన పోలిక నాకు చాలా సరిగ్గా తోచింది, ఎందుకంటే దానికి సాంకేతికమైన ఆధారం ఉంది.

రాక్ రికార్డింగ్‌లో ఒకే రిఫ్‌ను గిటారిస్టు రెండు సార్లు వాయిస్తాడు. ఒకటి ఎడమ స్పీకర్‌లోకి, రెండవది కుడి స్పీకర్‌లోకి వెళుతుంది. మనిషి రెండు సార్లు ఒకేలా వాయించలేడు. ఒకచోట తీగ మీద దెబ్బ రవ్వంత ముందు పడుతుంది, మరొకచోట వేలు ఎత్తడం రవ్వంత ఆలస్యమవుతుంది. ఆ రెంటి మధ్యనున్న సందులోనే స్లీజ్ ఉంటుంది. మేము మొదటిసారి రికార్డు చేసినప్పుడు, ఇప్పుడు అందరూ చేస్తున్నట్టుగానే, డ్రమ్స్‌లోని ప్రతి దెబ్బనూ కంప్యూటర్ తెర మీది గడుల గీతకు జరిపి, గిటార్లను కూడా దానికే అతికించాం. విని చూస్తే తప్పు ఒక్కటీ లేదు, పాట మాత్రం ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కాలా ఉంది. మర్నాడు సవరణలన్నీ తీసేసి, డ్రమ్మర్ కోరస్ రాగానే ఎప్పుడూ పడే చిన్న తొందరను అలాగే వదిలేశాం. వేగం నిజానికి ఒక్క బీటు కూడా స్థిరంగా లేదు గానీ, గదిలో ఉన్న నలుగురం ఒకేసారి తల ఊపడం మొదలుపెట్టాం.

‘ఆటోమేటన్’ను ఏ పద్ధతిలో రికార్డు చేశారన్నది పక్కన పెట్టి, నా చెవికి వినిపించేది మాత్రమే చెబుతాను. గిటార్లు రెండూ అంగుళం కూడా తేడా లేకుండా కలిసి నడుస్తాయి, డ్రమ్స్‌లో ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది, మొత్తం శబ్దం గరిష్ఠ స్థాయికి నొక్కి ఉంటుంది. ‘రెస్ట్ ఇన్ స్లీజ్’ కూడా పెద్ద కంపెనీ డబ్బుతో, పద్ధతిగా తయారైన ఆల్బమే, గరాజ్‌లో చేసినది కాదు. అయినా అందులో పాటకూ పాటకూ మధ్య ఊపిరి ఉంటుంది.

అయితే ఈ చర్చ కొత్తదేమీ కాదని గుర్తుంచుకోవాలి. 1981లో మోట్లీ క్రూ తమ మొదటి ఆల్బమ్‌ను సొంత లేబుల్ మీద విడుదల చేసినప్పుడు అది మోటుగా, పచ్చిగా ఉండేది. మరుసటి ఏడాది ఎలెక్ట్రా కంపెనీ వారిని తీసుకొని, క్వీన్ బృందానికి పని చేసిన రాయ్ థామస్ బేకర్ చేత దానిని మళ్లీ మిక్స్ చేయించి విడుదల చేసింది. నలభై ఏళ్లయినా మొదటి ముద్రణే గొప్పదని వాదించేవారు, రెండవదే వినదగినదని వాదించేవారు నేటికీ ఉన్నారు. అంటే ఈ సంగీతపు తొలి రోజుల్లోనే దానిని ఎంత కడగాలి అన్న తగవు కూడా పుట్టింది.

కోరస్‌ల గురించి కూడా చెప్పాలి. కోరస్‌లో గుంపుగా అరిచినట్టు వినిపించే గొంతులు నిజంగా గుంపువి కావు. ముగ్గురో నలుగురో ఒక మైకు చుట్టూ నిలబడి ఒకే వాక్యాన్ని ఆరేడు సార్లు, ప్రతిసారీ అటూ ఇటూ జరిగి, ఒకసారి మైకుకు దగ్గరగా, ఒకసారి గది మూల నుంచి పాడతారు. వాటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇరవై పాతిక మంది అరిచినట్టు ఉంటుంది. శృతి శుద్ధంగా ఉన్నవాళ్లను మాత్రమే పెడితే అది భజన బృందంలా వినిపిస్తుంది, కనీసం ఒక్కడికి శృతిజ్ఞానం తక్కువగా ఉండాలి. మా బృందంలో ఆ స్థానం ఎప్పుడూ డ్రమ్మర్‌దే.

ఇంకొకటి, స్వీడిష్ బృందాలన్నిటిలో నాకు కనిపించేది ఇది. రిఫ్ అమెరికాదే, బ్లూస్ స్వరాలదే, అందులో కొత్త ఏమీ లేదు. కోరస్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం పాట హఠాత్తుగా దిగులు స్వరాల వైపు తిరుగుతుంది. లాస్ ఏంజిలెస్ బృందాలు కోరస్‌లో పండుగ చేసుకుంటాయి. వీరి కోరస్‌లో పండుగ ముగిసిపోతోందన్న ఎరుక ఉంటుంది. స్వీడిష్‌లో ‘వేమూద్’ అనే మాట ఒకటుంది, తీయని దిగులు అని చెప్పుకోవచ్చు. వారి జానపద గీతాల్లోనూ, వారు ప్రపంచానికి అమ్మిన పాప్ పాటల్లోనూ అదే వినిపిస్తుంది. ఇది గాలి మాట కాదు: నేడు పాప్ పాటల తయారీలో అందరికంటే పేరున్న మాక్స్ మార్టిన్ మొదట ఇట్స్ అలైవ్ అనే స్వీడిష్ గ్లామ్ మెటల్ బృందంలో గాయకుడు, స్టాక్‌హోమ్‌లోని షైరాన్ స్టూడియోలో డెన్నిజ్ పాప్ అనే నిర్మాత అతన్ని చేయి పట్టుకొని పాప్‌లోకి నడిపించాడు. ఆ ఊళ్లో పొడవాటి జుట్టుకూ రేడియో కోరస్‌కూ మధ్య గోడ ఎన్నడూ ఎత్తుగా లేదు. ‘ఆటోమేటన్’లో నాకు వినిపించే మార్పు ఇదే: మురికి తగ్గేకొద్దీ కింద ఉన్న ఆ పాప్ ఎముకల గూడు బయటపడింది. అది ఎప్పుడూ ఉన్నదే.

ఎదురుమాట | 2022 మే 11

పై ఇద్దరూ గడుల గీతల గురించీ, ముద్రణల గురించీ ఎంతో రాశారు గానీ అసలు మాట దాటవేశారు. ఆ వెలితి పేరు డేవ్ లెపార్డ్. 2006 జనవరిలో అతను చనిపోయేనాటికి తొలి ఆల్బమ్ వచ్చి కొద్ది నెలలే అయింది. ఆ ఆల్బమ్‌కు వేళాకోళంగా పెట్టిన పేరు ఆ తరువాత వేళాకోళంగా వినిపించడం మానేసింది. పాట రాసేవాడూ, పాడేవాడూ, బృందాన్ని మొదలుపెట్టినవాడూ ఒకడే అయినప్పుడు అతను పోయాక మిగిలేది ఒక పేరూ ఒక ధోరణీ మాత్రమే.

తరువాత వచ్చినవారిని నేను తక్కువ చేయడం లేదు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఆలివర్ ట్విస్టెడ్ ఒక ఆల్బమ్ పాడి వెళ్లిపోయి రెక్‌లెస్ లవ్‌లో కుదురుకున్నాడు. సైమన్ క్రూజ్ 2010లో ‘జెనరేషన్ వైల్డ్’, 2013లో ‘ది సావేజ్ ప్లేగ్రౌండ్’ పాడాడు, నా లెక్కలో లెపార్డ్ తరువాత ఆ బృందానికి దొరికిన అసలైన గొంతు అతనిదే. గాబ్రియెల్ కీస్ 2019 నాటి ‘రస్ట్’తో వచ్చాడు, ఇప్పుడు ‘ఆటోమేటన్’. పదిహేడేళ్లలో ఆరు ఆల్బమ్‌లు, నలుగురు గాయకులు. కీస్ గొంతు శుభ్రమైనది, పై స్థాయిలో తేలికగా నిలుస్తుంది, వేదిక మీద పాత పాటలు కూడా నమ్మకంగా పాడగలడు. కానీ అతని గొంతు వింటే ఇతను రాత్రంతా మేలుకొని ఉన్నాడని అనిపించదు. స్లీజ్‌లో ఆ ఒక్కటి అనిపించాలి.

మరొకటి గమనించండి. ‘పవర్‌లైన్’ అనే పాటకు స్టీల్ పాంథర్ గాయకుడు మైకేల్ స్టార్‌ను అతిథిగా తెచ్చుకున్నారు. స్టీల్ పాంథర్ అంటే ఈ సంగీతాన్నీ, ఈ వేషాన్నీ ఎగతాళి చేయడమే వృత్తిగా పెట్టుకున్న లాస్ ఏంజిలెస్ బృందం. అతను గొప్పగా పాడతాడు, అందులో అనుమానం లేదు. అయితే నిష్ఠగా చేసేవాడూ, ఎగతాళి చేసేవాడూ ఒకే పాటలో పక్కపక్కన పాడి, ఎవరి గొంతు ఎవరిదో తప్ప ఎవరి ఉద్దేశం ఏదో తెలియని స్థితికి వచ్చామంటే ఆలోచించవలసిన విషయమే.

స్వీడన్‌లో స్లీజ్ పెరిగి పెద్దదై, దారి మార్చి కూడా తానుగా ఎలా మిగలగలదో చూడదలిస్తే గోథెన్‌బర్గ్ వైపు చూడండి. 1997లో మొదలైన హార్డ్‌కోర్ సూపర్‌స్టార్ 2005లో తమ పేరునే ఆల్బమ్‌కు పెట్టి, త్రాష్ మెటల్ వేగాన్ని స్లీజ్ కోరస్‌తో కలిపి, దానికి స్ట్రీట్ మెటల్ అని తామే పేరు పెట్టుకున్నారు. ఇన్ ఫ్లేమ్స్, ఎట్ ద గేట్స్ వంటి మెటల్ బృందాలు పుట్టిన ఊరి గాలి అందులో ఉంది. ఈ మార్చిలో వచ్చిన వారి ‘అబ్రకదబ్ర’ను ‘ఆటోమేటన్’ పక్కన పెట్టి వినండి. వారి గాయకుడు యోకె బెర్గ్ ఈ వయసులోనూ చెమటతో బట్టతడిసేలా పాడతాడు.

పాతరికార్డు | 2022 మే 11

ఎదురుమాట గారూ, లెపార్డ్ లేని లోటు ఎవరూ కాదనరు. కానీ ‘పేరూ ధోరణీ మాత్రమే మిగిలాయి’ అన్న మాటను ఒప్పుకోలేను. గిటారిస్టు మార్టిన్ స్వీట్, బేసిస్టు పీటర్ లండన్ ఇద్దరూ తొలి ఆల్బమ్ నుంచి నేటివరకు ఉన్నారు. గాయకుడు మారినప్పుడల్లా ముఖం మారుతుంది, నిజమే. అయితే ఆరు ఆల్బమ్‌లలోనూ సోలోకు ముందు పాట ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటుందో, కోరస్‌కు ముందు ఏ మెట్టు ఎక్కుతుందో వింటే చేయి మారలేదని తెలుస్తుంది. హార్డ్‌కోర్ సూపర్‌స్టార్‌కు గాయకుడు మారవలసిన అగత్యం ఎన్నడూ రాలేదు, కనుక ఆ పోలిక కొంచెం అన్యాయం. (వారికి గిటారిస్టు మారాడు. 2008లో థామస్ సిల్వర్ తప్పుకుంటే మాల్మోకు చెందిన క్రేజీ లిక్స్ నుంచి విక్ జినో వచ్చాడు. ఈ బృందాలన్నీ ఒకే చెరువులోని చేపలు.)

పాటల పేర్లు చూడండి, ఇంకొక సంగతి బయటపడుతుంది. 2005లో అల్లరి, సూది, అద్భుతం, నరకం నుంచి నేరుగా రావడం. అంటే అన్నీ ఒక కుర్రవాడి ఒంటికీ వీధికీ సంబంధించినవి, పైగా ‘సికె’ రాయవలసిన చోట రెండేసి ‘కె’లు పెట్టే చిలిపితనం. 2022లో ‘నో మ్యాన్స్ ల్యాండ్’, ‘డెడ్ క్రూసేడ్’, ‘షెల్ షాక్’, ‘డార్కర్ మైండ్స్’. అంటే యుద్ధభూమి మాటలు. ఆల్బమ్ పేరే యంత్రమానవుడు. మనుషులు మరబొమ్మలు అవుతున్నారని పాడదలచిన ఆల్బమ్ కాస్త యంత్రంలా వినిపిస్తోందని మనం ఫిర్యాదు చేస్తున్నాం. వారు కావాలనే అలా చేశారని నేను అనడం లేదు. కానీ నలభై దాటినవారు ఇంకా సందు చివరి గొడవల గురించే పాడాలని కోరడం కూడా ఒక రకం వేషం వేయమనడమే.

ఆరోతీగ | 2022 మే 12

ఎదురుమాట గారి మాటలో నేను ఒప్పుకొనేది ఒకటుంది. సాంకేతిక కారణాలు చెబుతూ పోతే పాడేవాడి జీవితాన్ని మరచిపోతాం. అయితే ‘రాత్రంతా మేలుకొన్న గొంతు’ కూడా కొంతవరకు నేర్చుకొనేదే సుమా. పదం చివర స్వరాన్ని పట్టి నిలపకుండా జారవిడవడం, తాళం కంటే వెంట్రుకవాసి వెనక పాడడం, అచ్చును ముక్కులోకి లాగడం, ఇవన్నీ హనోయ్ రాక్స్ గాయకుడు మైకేల్ మన్రో నుంచి విన్స్ నీల్ దాకా అందరూ చేసినవే. కీస్ స్వరాన్ని చివరిదాకా సరిగ్గా పట్టి నిలుపుతాడు. స్కిడ్ రో అనే అమెరికా బృందం తొలి ఆల్బమ్‌లో పాడిన సెబాస్టియన్ బాక్ నుంచి వచ్చిన పద్ధతి అది, స్లీజ్ కంటే మెటల్‌కు దగ్గర. ఆ బృందానికి ఈ ఏడాది కొత్త గాయకుడిగా వెళ్లినది కూడా స్వీడన్ వాడే, హీట్‌లో పాడిన ఎరిక్ గ్రన్‌వాల్. ఇప్పుడు ఎగుమతి ఎటు నుంచి ఎటు జరుగుతోందో చూడండి.

స్టీల్ పాంథర్ విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. ఈ సంగీతం న్యూయార్క్ డాల్స్ నాటి నుంచీ సగం నవ్వుతూనే ఉంది.

రాత్రిపాట | 2022 మే 15

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు మూడు రోజులు చెవిఫోన్లు పెట్టుకొని మళ్లీ విన్నాను, ఈసారి ఎడమ చెవినీ కుడి చెవినీ విడివిడిగా. తొలి ఆల్బమ్‌లో రెండు గిటార్లూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు అక్కడక్కడ విడిపోవడం ఇప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇన్నేళ్లూ అది ఒకే గిటార్ అనుకున్నాను. కొత్తదానిలో ఎంత వెదకినా ఆ సందు దొరకలేదు. నన్ను ఇబ్బంది పెట్టినది ఏమిటో సగం తేలింది.

మిగతా సగం ఊహించని చోట తేలింది. ‘ఆటోమేటన్’లో ఆఖరి పాట, ‘ఐ కాంట్ మూవ్ ఆన్’, నెమ్మదిగా సాగేది కనుక ఇంతవరకూ దాటవేస్తూ వచ్చాను. దానిని మొదటిసారి పూర్తిగా విన్నాను. వేగం లేదు, రిఫ్ లేదు, అరిచే గుంపు లేదు. ఆరోతీగ గారు చెప్పిన ఆ దిగులు ఒక్కటే మిగిలింది. కీస్ గొంతులోని శుభ్రత మిగతా పాటల్లో నాకు లోపంగా తోచినా ఇక్కడ మాత్రం అక్కరకు వచ్చింది. లెపార్డ్ ఈ పాట పాడి ఉంటే ఎలా ఉండేదని ఊహించుకోవడానికి ప్రయత్నించాను గానీ కుదరలేదు. ఇది అతని పాట కాదు.

‘అబ్రకదబ్ర’ కూడా విన్నాను, ఎదురుమాట గారూ. బట్టతడిసేలా పాడతాడన్నది నిజమే. అయితే గిటార్లు అందులోనూ గీత దాటలేదు.

ఎదురుమాట | 2022 మే 15

గిటార్ల మాట ఒప్పుకుంటున్నాను. ఆ ఆఖరి పాటను నేనూ దాటవేస్తూనే వచ్చాను. ఈ రాత్రికి వింటాను.